గడియారానికి కీ ఇచ్చిన మనిషి

నాలుగేళ్ళ కిందట ఒక వీడియోలో నన్నొక ప్రశ్న అడిగారు. నాకు గుర్తు లేదని చెప్పాను. గుర్తుంది. ఆ ఒక్క మాట సరిచేయడానికే ఇదంతా రాస్తున్నాను.

నరసరావుపేటలో ప్రతి ఆదివారం పొద్దున పదిన్నరకు మేం నలుగురం ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో కూర్చునేవాళ్ళం. పాత ఇంగ్లీషు సినిమాలు, అందులోనూ నలుపు తెలుపువి, చూసి మాట్లాడుకునేవాళ్ళం. హీరోల గురించి కాదు. హీరో దిగిన హోటల్లో తాళంచెవి అందించే మనిషి, కోర్టులో రెండో వరసలో కూర్చుని దగ్గే ముసలామె, గుర్రం కళ్ళెం పట్టుకుని నిలబడే తాత, మాకు వీళ్ళు కావాలి. ఒక సినిమాలో కనబడిన ముఖం ఇంకో సినిమాలో ఎక్కడ తగిలిందో ముందు పట్టుకున్నవాళ్ళు ఆ వారం గొప్పవాళ్ళు.

నలుగురిలో స్టూడియో యజమాని నా ఈడువాడు. టీచరమ్మ మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. నాలుగో ఆయన మా అందరికన్నా పెద్ద. టౌన్లో ఒక సినిమా హాల్లో ముప్పయ్యేళ్ళు ఆపరేటరుగా చేశాడు. ఆ హాలు ఇప్పుడు లేదు, ఆ జాగాలో బట్టల షాపుంది. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. ఆయన నన్ను అబ్బాయ్ అనేవాడు.

బాబాయికి ఇంగ్లీషు రాదు. టైటిల్స్ పడేటప్పుడు మిషన్లో వెలుగు కోసం కాలే కార్బన్ కడ్డీలు సర్దుకోవటంతోనే సరిపోయేదట. కాబట్టి ఏ నటుడి పేరూ ఆయనకు తెలియదు. మార్నింగ్ షోకి ఒక ఇంగ్లీషు బొమ్మ వస్తే వారం రోజులు ఆడేది. ఆ ఏడు షోలూ క్యాబిన్ గోడకున్న చిన్న కిటికీలోంచి చూసి, ముఖాలకు తనే పేర్లు పెట్టుకున్నాడు. తంతి గుమస్తా, గుర్రం తాత, గయ్యాళి నర్సమ్మ, అద్దాల గుమస్తా.

"ఇదుగో, వచ్చాడు మన తంతి గుమస్తా," అనేవాడు టీవీలో ఒక మూల చూపించి.

"గుమస్తా ఏంది బాబాయ్, ఇందులో వాడు డాక్టరు గదా," అనేవాడు స్టూడియో మిత్రుడు.

"డాక్టరైతే ఏందిరా, ఆ చేతులు చూడు. కాయితాలు సర్దే చేతులయ్యి. వాళ్ళు కోటు మార్చారు గానీ చేతులు మార్చలా."

"అన్నయ్యగారూ, వాళ్ళకి కన్నవాళ్ళు పెట్టిన పేర్లున్నాయి. మీరిట్లా తిరగరాస్తే ఎట్లా?" అనేవారు టీచరమ్మ.

"కన్నవాళ్ళు పేటకి రానీ టీచరమ్మా. వస్తే మార్చుకుందాం."

అసలు పేర్లు చెప్పటం నా పని. ఫోన్లో వెతికి ఫలానా మనిషి ఎక్కడ పుట్టాడు, ఎన్ని సినిమాల్లో చేశాడు, ఎప్పుడు పోయాడు అని చదివేవాణ్ణి. ఒకసారి గుర్రం తాత పోయిన సంవత్సరం చదివితే బాబాయ్ లెక్క వేసుకున్నాడు.

"అంటే నేను ఆ బొమ్మ వేసేనాటికే లేడా?"

"లేడు బాబాయ్."

"అయితే చచ్చిపోయినోడికి వారం రోజులు లైటు పెట్టానన్నమాట," అన్నాడు.

ఆ పేర్లు నేనిక్కడ రాయటం లేదు. ఆయన ఎప్పుడూ వాడలేదు కనుక నేనూ వాడను.

వాళ్ళందరిలో బాబాయికి ఇష్టమైనవాడు అద్దాల గుమస్తా. సన్నగా, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో, ఏ సినిమాలోనైనా రెండు మూడు నిమిషాలకు మించి ఉండడు. ఈ మనిషి గురించి ఒక దృశ్యం బాబాయ్ ఏడాదికి రెండుసార్లైనా చెప్పేవాడు. గుర్రబ్బండి ప్రయాణం మీద నడిచే ఒక బొమ్మ. మేం ఎంత వెతికినా అది మాకు దొరకలేదు. కాబట్టి ఆయన నోటి వెంట విన్నదే.

"ఇంటర్వెల్ అయినాక ఎడారి మధ్యలో ఒక ఇల్లు. గుర్రాలు మార్చుకునే చోటు. ఆ ఇంటాయన మన అద్దాల గుమస్తా. కొడుకు పోయాడని ఉత్తరం వస్తది. చదువుతాడు. మడుస్తాడు. జేబులో పెట్టుకుంటాడు. గోడ దగ్గరికి పోయి గడియారానికి కీ ఇస్తాడు. మనకి వీపే కనపడతది. కీ ఇవ్వటం అయిపోయిద్ది గానీ చెయ్యి కిందికి దించడు. అట్టాగే పట్టుకుని నిలబడతాడు. అంతే, ఇంకేం లేదు. ముఖం పెట్టి ఏడ్చినోళ్ళని చానామందిని చూశా. వీపుతో ఏడ్చినోణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశా."

ఆ దృశ్యం నేనూ చూశాను. ఇంటర్ రెండో సంవత్సరంలో కాలేజీ ఎగ్గొట్టి బాబాయ్ పనిచేసిన హాల్లోనే మార్నింగ్ షోకి వెళ్ళేవాణ్ణి, అప్పుడు. బాబాయ్ ఈ సంగతి మొదటిసారి చెప్పిన ఆదివారం, ఇంటికి నడిచి వెళ్తూ ఆయనతో ఈ మాట చెప్పాను. ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. "నువ్వు కూడా చూశావా అబ్బాయ్!" అని నా భుజం పట్టుకున్నాడు. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఇంకొకరు బతికున్నారని ఆయనకు అప్పటిదాకా తెలియదు. తర్వాత ఒక రోజు టీచరమ్మకూ చెప్పాను. మా అన్న పోయినప్పుడు మా నాన్న అటు తిరిగి దూడకు మేత వేస్తూ చాలాసేపు నిలబడ్డాడనీ, ఆ వీపు చూసి నాకు సినిమాలోని వీపు గుర్తొచ్చిందనీ చెప్పాను.

ఇక ఆ వీడియో సంగతి. పాత సినిమాల మీద ఛానెల్ నడిపే ఒకాయన బెజవాడ నుంచి మా గదికి వచ్చాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. మర్యాదస్తుడు, చదువుకున్నవాడు. పల్నాడులో ఇంగ్లీషు సినిమాల గురించి కూర్చుని మాట్లాడుకునే మనుషులున్నారని ఎవరో చెప్పారట. కెమెరా పెట్టాడు. మేం నలుగురం ఇస్త్రీ బట్టలు వేసుకుని వచ్చాం. బాబాయ్ మీసానికి రంగు వేసుకొచ్చాడు. టీచరమ్మ అది చూసి, "అన్నయ్యగారు హీరో వేషానికి మారారు, ఇక చిన్న వేషాలవాళ్ళ సంగతి ఎవరు చూడాలి," అంటే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

గంటసేపు బాగానే జరిగింది. చివర్లో బాబాయ్ గడియారం సంగతి చెప్పాడు. ఎప్పటికన్నా బాగా చెప్పాడు, లేచి నిలబడి గోడవైపు తిరిగి చెయ్యెత్తి మరీ చూపించాడు. వచ్చినాయన ఆ బొమ్మ వివరాలు అడిగి, "ఆ సినిమా నా దగ్గరుందండీ," అన్నాడు. లాప్‌టాప్ తెరిచాడు. మధ్య నుంచి చివరిదాకా వేగంగా తిప్పి చూపించాడు. బండి ఉంది, ఎడారి ఉంది, పొడుగు హీరో ఉన్నాడు. ఇల్లు లేదు, గడియారం లేదు. ఫోన్లో నటుల జాబితా చూశాడు. ఆ కళ్ళద్దాల మనిషి అందులో లేనేలేడు.

"మీరు వేరే ఏదో సినిమా అనుకుంటున్నారేమో పెద్దాయనా," అన్నాడు మెల్లగా.

"నేను వేసిన బొమ్మ నాకు తెలీదా అయ్యా? వారం రోజులు నా చేతులతో వేశా."

"కానీ ఇందులో లేదు కదండీ."

బాబాయ్ అప్పుడు నావైపు చూపించాడు. "ఇదుగో, మా అబ్బాయి. ఈయనా చూశాడు. ఇంగ్లీషు లెక్చరరు. చెప్పు అబ్బాయ్, గడియారం ఉందా లేదా?"

కెమెరా నావైపు తిరిగింది. నేను నవ్వాను. "ఏమోనండి, నాకైతే గుర్తు లేదు. మా బాబాయ్ అప్పుడప్పుడు కొంచెం కలిపి చెబుతుంటారు," అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. పెద్ద కారణం దొరకలేదు. లాప్‌టాప్‌లో లేదు, జాబితాలో లేదు. ఇంగ్లీషు చెప్పేవాణ్ణి, లేని దృశ్యం చూశానని బయటివాడి ముందు అనటం నాకిష్టం లేకపోయింది. అంతే. అన్నప్పుడు నాకేమీ అనిపించలేదు. బాబాయ్ చెయ్యి ఇంకా నావైపే చాపి ఉంది. కాసేపటికి దించాడు.

ఆ వీడియోలో మిగతా గంటంతా పోయి పది నిమిషాలు మిగిలింది. ఆ పది నిమిషాల్లో ఇది ఉంది. నా నవ్వు దగ్గర వెనకనుంచి ఇంకో నవ్వు శబ్దం కలిపారు. మా ఊళ్ళో చాలామంది చూశారు. టీ బంకు దగ్గర బాబాయ్ కనబడితే, "ఏం ఆపరేటరూ, గడియారానికి కీ ఇచ్చావా?" అని అడగటం మొదలుపెట్టారు. "లేని బొమ్మ వేసినోడు పేటలో ఈయనొక్కడే," అని ఒకడు. బాబాయ్ రెండు ఆదివారాలు వచ్చాడు గానీ టీవీలో ఎవరినీ చూపించలేదు. మూడో వారం రాలేదు. ఫోన్ చేస్తే మోకాలు నొప్పి అన్నాడు. తర్వాత కారంపూడిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని తెలిసింది. మేం ముగ్గురం ఆదివారాలు కలుస్తూనే ఉన్నాం. ఆయన ఊసు ఎవరమూ ఎత్తలేదు.

రెండేళ్ళకు, వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, ఇంట్లో పడుకుని ఫోన్లో ఏదో పాత సినిమా చూస్తున్నాను. ఇదీ ఎడారి, గుర్రబ్బండి కథే, కానీ వేరే సినిమా, వేరే హీరో. సగం దాటాక ఒక ఇల్లు వచ్చింది. కళ్ళద్దాల మనిషి బయటికొచ్చాడు. ఉత్తరం చదివాడు, మడిచాడు, జేబులో పెట్టుకున్నాడు. గోడ దగ్గరికి వెళ్ళాడు. బాబాయ్ చెప్పిందాంట్లో ఒక్క ముక్క తేడా లేదు. కీ ఇవ్వటం అయ్యాక చెయ్యి దించలేదు.

ఫోన్ పక్కన పెట్టి భోజనం చేశాను. ఆ సంగతి ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. దానికీ కారణం లేదు. రేపు చెబుదాం అనుకునేవాణ్ణి, రేపు కాలేజీ ఉండేది.

పోయిన మిరప కోతలప్పుడు మాచర్ల బస్సెక్కి కారంపూడిలో దిగాను. బాబాయ్ కూతురి ఇంటి ముందు పంచలో గోనెపట్టా మీద కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. నన్ను చూసి, "రండి సార్," అన్నాడు. లోపలికి చూసి, "అమ్మాయ్, పేట నుంచి సారొచ్చాడు, టీ పెట్టు," అని కేకేశాడు. నేను పట్టా మీద ఎదురుగా కూర్చున్నాను.

ఫోన్లో ఆ ముక్క తీసి ఇచ్చాను. ఘాటు అంటుకున్న చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. వేశాను.

"వాడే," అన్నాడు.

"అవును బాబాయ్."

"ఇది ఏ బొమ్మ?"

చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మనం ఆడింది ఇది కాదే."

"కాదు. ఆ బొమ్మ డబ్బాల్లో ఈ బొమ్మ రీలు ఒకటి కలిసి వచ్చినట్టుంది."

ఆయన ఫోన్ నాకిచ్చేసి మళ్ళీ మిరపకాయలు తీసుకున్నాడు. పది పన్నెండు కాయలకు తొడిమలు తీశాక అడిగాడు. "అంటే వారం రోజులు తప్పు రీలు వేశానా నేను?"

ఇది నేను అనుకోలేదు. ఆయన్ని నిర్దోషిగా తేల్చటానికి వచ్చాననుకున్నాను. ఆయనకేమో అది తన పనిలో తప్పు.

"అదే ఎడారి, అదే బండి, రెండూ నలుపు తెలుపే. హాలంతా చూసింది, ఎవరూ పట్టుకోలేదు," అన్నాను.

"జనం సంగతి కాదు సార్. నేనేం చేస్తన్నట్టు?" కొంచెం ఆగి తనే చెప్పాడు. "ఆ ప్రింట్లు ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చేయో. రీలు మొదట్లో నంబరుండే ముక్క చిరిగిపోయి ఉండేది. డబ్బా మీద ఎవడో రంగుతో వేసిన నంబరే మనకి దారి. ఆరు అని ఉంటే ఆరే. ఆ ఇల్లు వచ్చినాక హీరో పది నిమిషాలు కనపడలా. వేరే వాళ్ళ కథేదో చెబుతున్నాడనుకున్నా. ఇంగ్లీషు బొమ్మలో మధ్యలో అర్థం కాకపోతే మనకి రాలేదనుకుంటాం గానీ, బొమ్మే తప్పనుకోం గదా."

నేనూ ఆ రోజు హాల్లో అలాగే అనుకున్నాను. నా ఇంగ్లీషు చాలదనుకున్నాను. హీరో ఎటుపోయాడని పక్కవాణ్ణి అడగటానికి కూడా సిగ్గుపడ్డాను.

కూతురు టీ తెచ్చింది. ఆమె లోపలికి వెళ్ళాక నేను మొదలుపెట్టాను. "బాబాయ్, ఆ రోజు నేను..."

"మీకు గుర్తుందా లేదా సార్?"

"ఉంది."

"ఆ రోజు ఉందా?"

"ఆ రోజూ ఉంది."

ఆయన టీ తాగాడు. "ఆ ముక్క నాకు చెప్పేదేంది? నాకు తెలవందా? రోడ్డు మీద నిలబడి చెప్పారుగా నాకు. ఎవరి ముందు లేదన్నారో వాళ్ళకి చెప్పండి."

కోపంగా అనలేదు. గ్లాసు పక్కన పెట్టి, గంటకి బస్సుందని చెప్పాడు.

బస్సులోంచే ఛానెలాయనకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు. "భలే ఉందండీ కథ," అన్నాడు. "కానీ సార్, అది పాత వీడియో, ఇప్పుడెవరూ చూడరు. అయినా ఆ సీను ఆ సినిమాలో లేదు కదా. టెక్నికల్‌గా మీరు చెప్పింది కరెక్టే." నేను అడిగింది అది కాదని చెప్పాను. గుర్తుండి కూడా లేదన్నానని చెప్పాను. "అయ్యో, అదేం పెద్ద విషయం సార్. కావాలంటే కింద కామెంట్ పెట్టండి, పైకి కనబడేట్టు చేస్తాను," అన్నాడు. పెట్టాను. ఇద్దరికి నచ్చింది. మూడో మనిషి ఆ సినిమా ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

ఆ ఆదివారం గదిలో చెప్పాను. స్టూడియో మిత్రుడు, "ఓరి నీ, చూసి కూడానా?" అని నన్నొక చూపు చూసి, టీవీ రిమోట్ కోసం వెతకటం మొదలుపెట్టాడు. టీచరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"మీరు చూశారని నాకు ఆ రోజే తెలుసు తమ్ముడూ. మీ నాన్నగారి సంగతి నాకు చెప్పింది మీరే కదా."

"మరి అప్పుడే అనలేదేం?"

"కెమెరా ముందు లెక్చరరు గారిని అబద్ధమాడుతున్నారని ఎట్లా అనను?" కళ్ళజోడు పెట్టుకున్నారు. "తర్వాతైనా అనొచ్చు. అనలేదు."

ఆ వారం సినిమా పెట్టాం. ముగ్గురం చూశాం. తెర మీద వెనకాల నిలబడ్డ వాళ్ళలో తెలిసిన ముఖం ఒకటి ఉన్నట్టనిపించింది. నేను చెప్పలేదు. వాళ్ళూ ఏమీ అనలేదు. మధ్యలో టీచరమ్మ టైమెంతయిందని అడిగారు.

కామెంట్ చాలదని నాకు తెలుస్తూనే ఉంది. బాబాయ్‌ని టీ బంకు దగ్గర ఆట పట్టించినవాళ్ళు కామెంట్లు చదవరు. వాళ్ళు ఈ పత్రికైనా చదువుతారో లేదో తెలియదు. అయినా రాయటం నాకు చేతనైన పని కనుక రాశాను. ఇక్కడి దాకా రాసి, నిన్న పొద్దున బాబాయికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒక్కసారి మాత్రం అడ్డుపడ్డాడు.

"ఆ రీలు నేను కలపలా. డబ్బాలో అట్టాగే వచ్చింది. అది రాశారా?"

"రాశాను బాబాయ్."

"సరే చదవండి."

చదవటం అయిపోయింది.

"చూశానని రాశారుగా," అన్నాడు.

"రాశాను."

"ఎక్కడ కూర్చుని చూశారో రాశారా?"

"లేదు."

"అది రాయండి. ఉత్తినే చూశానంటే ఎవడు నమ్ముతాడు? మీరైతే నమ్ముతారా?"

నమ్మనన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

బెంచీ టిక్కెట్టు తీసుకున్నాను. వెనకనుంచి రెండో వరస, ఎడమ గోడ పక్కన. నా ముందు స్తంభం ఉంది. తెర కుడివైపు అంచు కొంచెం దాచేది. దాన్ని తప్పించుకోవటానికి నేను గోడకు ఆనుకుని మెడ వంచి కూర్చున్నాను. గడియారం తెర ఎడమవైపు ఉంది. మనిషి వీపు మొత్తం కనబడింది.